దుబాయి పెట్టె

విదేశయాత్రకు బయలుదేరేవారికి పత్రికలు ఇచ్చే సలహాలలో ఒకటి ఎన్నటికీ తప్పదు. ఏ ఊరికి వెళితే ఆ ఊరి సరుకే కొనండి, చెప్పిన ధరలో సగం నుండి బేరం మొదలుపెట్టండి, విమానాశ్రయంలోని దుకాణాల వైపు మాత్రం కన్నెత్తి చూడకండి అని. ఇస్తాంబులులో తివాచీ, బాలిలో బాతిక్ బట్ట, స్విట్జర్లండులో చాక్లెట్టు. సలహా మంచిదే, దానితో నాకు తగవేమీ లేదు. నా తగవల్లా ఆ సలహాను తూనికరాయిగా పట్టుకొని మా ఊరివాళ్ళ సామానును తూచి పెదవి విరిచేవారితోనే.

మా ఊరు మహమ్మద్ నగర్. బాన్సువాడకు, నిజాంసాగరుకు చేరువలో ఉంటుంది. 2016 దాకా నిజామాబాదు జిల్లా, ఆ తరువాత కామారెడ్డి జిల్లా. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట పుణ్యమా అని ఒకప్పుడు మా వైపు వరికీ చెరకుకూ కొదవ ఉండేది కాదు. ఎగువన సింగూరు వచ్చాక మంజీర నీళ్ళు మా దాకా రావడం తగ్గింది. బోర్లు వేయడం, అవి ఎండడం, వాటికోసం చేసిన అప్పు మాత్రం ఎండకపోవడం తరువాతి కథ. ఆడవాళ్ళు బీడీల చేటలు ఒళ్ళో పెట్టుకున్నారు. మగవాళ్ళు దుబాయి పోయారు. (మా వైపు మస్కట్, కువైట్, బహ్రెయిన్, సౌదీ, ఖతర్ అన్నీ దుబాయే. పోయినవాడు ఎక్కడ దిగినా దుబాయిలోనే దిగినట్లు.) అంటే నలభై యేళ్ళకు పైగా మా ప్రాంతంలోని సామాన్య గృహస్థులు విదేశాలలో సామాను కొంటూనే ఉన్నారు. దేశం మొత్తం మీద ఈ విద్యలో ఇంత అనుభవం గల జిల్లాలు ఎన్నో ఉండవు. అయినా వారి కొనుగోళ్ళ గురించి యాత్రావ్యాసం వ్రాసినవారిని నేను ఎరుగను.

హైదరాబాదులో నాకొక మిత్రుడున్నాడు. ఏటా ఒక దేశం చూసివస్తాడు. ఆయన ఇంటి గోడ నిండా కొయ్య ముసుగులు, చిన్న చిన్న ఇత్తడి బొమ్మలు. ఒక్కొక్కదానికీ ఎంత చెప్పారో, తాను ఎంతకు దించాడో ఆయనకు నోటికి వచ్చు. మా వాళ్ళ ప్రసక్తి వచ్చినప్పుడు ఆయన అన్న మాట: "ఎడారి దేశానికి వెళ్ళి కంబళ్ళు కొనుక్కొస్తారేమిటండీ మీవాళ్ళు!" ఈ మాటకు పదిమంది నవ్వారు. నిజానికి నవ్వు వచ్చే మాటే. కాని నవ్వు ఆగిన తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కంబళే ఎందుకు?

ముందు పెట్టెలో ఏముంటుందో చెప్పాలి. పెట్టె అంటే అట్టపెట్టె. చుట్టూ టేపు, దాని మీద నైలాను తాడు, నాలుగు వైపులా నల్లటి మార్కరుతో పేరు, ఊరు, ఫోను నంబరు. 1980లలోనైతే అందులో తప్పనిసరిగా ఒక టూ-ఇన్-వన్, అది పానాసోనిక్ అయితే మరీ గౌరవం. సీకో గడియారం. ఆడవాళ్ళకు నైలెక్సు చీరెలు. ఆ తరువాత కాలంలో మెత్తటి పులిబొమ్మ కంబళి, టైగర్ బామ్ సీసాలు డజను, యాక్స్ నూనె, ట్యాంగు పొడి, నిడో పాలడబ్బా, ఇంపీరియల్ లెదర్ సబ్బులు, అత్తరు, స్ప్రే, పిస్తాపప్పు, ఖర్జూరం, పిల్లలకు బూట్లు, ఎవరో ఒకరికి టార్చిలైటు. పండుగ సరుకుల చీటీలా ఉంటుంది.

ఇప్పుడు "అక్కడి సరుకే కొనండి" అనే సలహాతో ఈ చీటీని సరిచూడండి. టైగర్ బామ్ రంగూనులో పుట్టి సింగపూరులో స్థిరపడిన చైనీయుల మందు. ట్యాంగు అమెరికా సరుకు, వ్యోమగాములు తాగారని పేరు తెచ్చుకున్నది. నిడో స్విట్జర్లండు కంపెనీది. కంబళి కొరియాది, లేదా కొరియా పేరు పెట్టుకున్న చైనాది. బూట్లు, టార్చి చైనావి. దేరాలోని మసాలా దినుసుల బజారులో యాలకులు కొంటే అవి కేరళవి కావచ్చు, గ్వాటెమాలావి కావచ్చు. ఖర్జూరం ఒక్కటి వదిలితే ఆ పెట్టెలో అరబ్బు నేల మీద పుట్టినది ఏదీ లేదు. సలహా ప్రకారం మా వాళ్ళు పరీక్ష తప్పినట్లే.

అయితే ఆ నేలకు తనదైన సరుకు ఒకప్పుడు ఉండేది, అది మన దాకా వచ్చింది కూడా. ముత్యం. అక్కడి గజ ఈతగాళ్ళు సముద్రం అడుగు నుండి తెచ్చిన ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు చేరి నవాబుల మెడల్లోకి వెళ్ళేవి. జపానువారు పెంపకపు ముత్యాన్ని చౌకగా అమ్మడం మొదలుపెట్టాక, 1930ల నాటికి ఆ వ్యాపారం కుప్పకూలింది. ఆ కాలంలో అక్కడివారే మన దేశపు సరుకు కోసం చూసేవారు. ఇంకొక విశేషం: ఆ తీరాన చెల్లే డబ్బు మన రూపాయే. దుబాయి నుండి దొంగచాటుగా మన దేశానికి బంగారం రావడం, దానికి మూల్యంగా రూపాయలు వెళ్ళడం, ఆ రూపాయలను వారు తిరిగి రిజర్వు బ్యాంకుకు ఇచ్చి విదేశీ ద్రవ్యం పట్టుకుపోవడం చూసి చూసి, 1959లో మన ప్రభుత్వం ఆ ప్రాంతానికని వేరే నోట్లు అచ్చు వేయించింది. రంగు మార్చి, వరుస సంఖ్య ముందు జెడ్ అక్షరం వేసిన నోట్లు. మన దేశంలో చెల్లవు, అక్కడ చెల్లుతాయి. 1966లో రూపాయి విలువను తగ్గించేదాకా దుబాయిలో బేరం రూపాయలలోనే జరిగేది. ఆ తరువాత పదిహేనేళ్ళు తిరగకుండానే మా మహమ్మద్ నగర్ మనిషి ఒక దిర్హముకు ఎన్ని రూపాయలో వ్రేళ్ళ మీద లెక్కవేసుకుంటూ అదే బజారులో నిలబడ్డాడు.

ఆ లెక్క ఎలా వేస్తారో ఒకసారి దగ్గరగా చూశాను. ఉద్యోగరీత్యా దుబాయి మీదుగా వస్తూ రెండు రోజులు ఆగినప్పుడు, మా పెద్దనాయన కొడుకు, నాకు అన్న, అక్కడ సోనాపూర్ క్యాంపులో ఉండేవాడు. (ఆ చోటు అసలు పేరు ముహైస్నా. సోనాపూర్ అంటే బంగారు ఊరు. ఆ పేరు పెట్టినవారెవరో గాని హాస్యప్రియులు.) అది శుక్రవారం, ఆయనకు సెలవు, మరో నెలలో ఊరికి ప్రయాణం. ఆయన చొక్కా జేబులో మడతలు పడిన కాగితం ఒకటి ఉంది. దాని మీద వస్తువుల పేర్లు లేవు. మనుషుల పేర్లున్నాయి. అవ్వ, పెద్దక్క, చిన్నక్క, బావలు ఇద్దరు, మేనత్త, పక్కింటి కాక, అప్పిచ్చిన పటేలు, వీసా సంగతి మొదట చెప్పిన దోస్తు, బడిలో చదువు చెప్పిన సారు. ముప్ఫైకి ఒకటో రెండో తక్కువ. ఒక్కొక్క పేరు ఎదురుగా ఏదైనా కొన్నప్పుడల్లా చిన్న గీత. నా హైదరాబాదు మిత్రుడు బజారులోకి వెళ్ళేటప్పుడు ఆయనకు తెలిసేది తనకేం నచ్చుతుందన్నదే. మా అన్నకు తెలిసేది ఎవరెవరు మిగిలారన్నది.

ఆ రోజు మేము దేరా అంతా తిరిగాము. ఖాడీ దాటడానికి ఒక్క దిర్హము అబ్రా పడవ, ఆ ఒక్క దిర్హము కూడా నన్ను ఇవ్వనివ్వలేదు. కంబళి దుకాణంలో పఠాను డెబ్బై ఐదు చెప్పాడు. అన్న నలభై అన్నాడు. పఠాను "మాఫీ" అన్నాడు. (అరబ్బు మాటలో మాఫీ అంటే లేదు, కుదరదు అని. మన రుణమాఫీలోని మాఫీ అనుకొని సంతోషించిన కొత్తవాళ్ళ కథలు క్యాంపులలో చాలా ఉన్నాయి.) బయటికి వచ్చాము, పిలవలేదు; మరో రెండు దుకాణాలు చూసి మళ్ళీ అక్కడికే వెళ్ళాము; చివరికి అరవైకి తెగింది. పదిహేను దిర్హములు తగ్గించినందుకు అన్న ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమే కలిగింది. కాని అప్పటికి ఆయన జీతం నెలకు ఎనిమిది వందల దిర్హములు. సెలవులు పోను రోజుకు ముప్ఫై చిల్లర. అంటే ఆ కంబళి రెండు రోజుల పని, జులై ఎండలో. నా మిత్రుడి ముసుగు ఆయన సంపాదనలో ఎన్ని నిమిషాలో నేను లెక్కవేయలేదు, వేయవలసిన అవసరమూ లేదు.

కంబళే ఎందుకో ఆ సాయంత్రం క్యాంపు గదిలో తెలిసింది. ఎనిమిదిమంది ఉండే గదిలో రెండంతస్తుల ఇనుప మంచాలు, ప్రతి మంచం కింద ఒక అట్టపెట్టె. ఒక్కసారిగా సామాను కొనే డబ్బు ఎవరి చేతిలోనూ ఉండదు. జీతం వచ్చిన రోజే ఇంటికి పంపేస్తారు. మిగిలిన కొద్దిలో వారానికొకటి, నెలకొకటి కొని మంచం కింద వేస్తారు. పెద్ద దుకాణాలవాళ్ళు పంచే తగ్గింపు ధరల కాగితాలను ఇంగ్లీషు రానివారు కూడా బొమ్మలను బట్టి చదువుతారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న సబ్బు అక్కకూ చెల్లెకూ సరిపోతుంది. చివరి వారంలో తాళ్ళు, టేపులు, చేతిత్రాసు బయటికి వస్తాయి. గదిలో అందరూ చేయి వేస్తారు. విమానంవాడు ముప్ఫై కిలోలంటే ముప్ఫై. అరకిలో ఎక్కువైతే ఏది తీయాలన్న చర్చ పంచాయతీ స్థాయిలో జరుగుతుంది. కంబళి అయిదు కిలోలదాకా తూగుతుంది గనుక మొదట దానినే తీయాలని ఎవరో ఒకరంటారు. ఎప్పుడూ తీయరు. నేను అడిగితే అన్న చెప్పినది ఇది: "సబ్బు అరిగిపోతది, బామ్ అయిపోతది. కంబడి ఇరవై ఏండ్లుంటది. నేను లేనప్పుడు పిల్లగాండ్లు ముగ్గురు దాంట్లనే పంటరు."

(2017 మార్చిలో దుబాయి విమానాశ్రయంవారు ఒక నియమం పెట్టారు. ఒక్క వైపైనా చదునుగా లేని సామానును, అంటే ఆకారం లేని మూటలను, యంత్రాలకు అడ్డుపడుతున్నాయని, తీసుకోబోమని. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ గదిలోని తాళ్ళ ముడులు జ్ఞాపకం వచ్చాయి. వాటిని వేయడంలో ఆరితేరినవారు గదికొకరు ఉండేవారు.)

యాత్రికుడు తెచ్చుకునే బొమ్మ తాను చూసిన చోటును జ్ఞాపకం ఉంచుకోవడానికి. మా అన్నకు సోనాపూరును జ్ఞాపకం ఉంచుకోవలసిన అక్కర లేదు. మరచిపోవడం వీలైతే మేలు. ఆయన తెచ్చే సామాను తనను ఊరు మరచిపోకుండా ఉండడానికి. కనుక అది అరబ్బు సరుకా, చైనా సరుకా అన్న ప్రశ్న ఆయన బేరంలో పుట్టదు. "అక్కడి సరుకు" అన్న సలహా తీరికగా వెళ్ళి తీరికగా వచ్చేవారికి చెప్పినది.

బంగారం సంగతి వేరు. అది పెట్టెలో రాదు, ఒంటి మీదనో లోపలి జేబులోనో వస్తుంది. బంగారు బజారులో గ్రాముకింత అని ఆ రోజు ధర బోర్డు మీద ఉంటుంది. అందరికీ ఒక్కటే ధర, దాని మీద బేరం లేదు. బేరమంతా మజూరీ మీద. మన ఊళ్ళో కంసాలి తరుగు, మజూరీ అంటాడే, ఆ మజూరీ. ఉర్దూలో మజ్దూరీ, అంటే కూలి. బజారంతటిలో మాట్లాడి తగ్గించగలిగినది ఒక్క కూలి మాత్రమేనన్న సంగతి నన్ను అప్పటి నుండి వదలలేదు. ఏజెంటు ఇక్కడ చెప్పిన జీతం వేరు, అక్కడ దిగాక సంతకం పెట్టించుకున్న కాగితంలోని జీతం వేరు. ఆ రెండో కాగితం మీద ఒక్క మాట మాట్లాడే వీలు లేకపోయిన మనిషి, ఎవరో ఎక్కడో వ్రేళ్ళు కాల్చుకొని చేసిన గొలుసు కూలి మీద గంటసేపు బేరమాడతాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన మీదా బేరాలు జరిగాయి, ఆయనకు తెలియకుండా. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫు దేశాలకు వెళ్ళే కార్మికులకు తాను సిఫారసు చేసే కనీస వేతనాన్ని ముప్ఫై నుండి యాభై శాతం దాకా తగ్గించింది. ఎమిరేట్సు, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు అని. కరోనా కాలంలో మనవాళ్ళ ఉద్యోగాలు ఇతర దేశాలవారికి పోకుండా నిలవాలంటే ధర తగ్గించాలన్నది వాదన. దుకాణదారు తన సరుకు ధరను తానే తగ్గించుకోవడమంటే ఇదే. సరుకు మాత్రం మనుషులు. గల్ఫు కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జులైలో పాత వేతనాలను పునరుద్ధరించారు.

మళ్ళీ బంగారానికి వస్తాను. ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవాడు సుంకం లేకుండా తెచ్చుకోగల నగల విలువ 2013 వరకు మగవాడికి పదివేల రూపాయలు, ఆడవారికి ఇరవై వేలు. ఆ ఏడు దానిని యాభై వేలకు, లక్షకు పెంచారు. 2016 నిబంధనలలో మగవాడికి ఇరవై గ్రాములు అని తూకం కూడా వ్రాశారు, అయితే యాభై వేల విలువ మించకుండా. వ్రాసిన నాడే ఇరవై గ్రాములకు యాభై వేలు చాలవు. 2024 నాటికి తులం డెబ్బై వేల దరిదాపులకు వచ్చేసరికి ఆ యాభై వేలకు వచ్చేది ఏడు గ్రాములు. మూడేళ్ళు పనిచేసి వచ్చినవాడు రెండు తులాలు తెస్తే, అప్పటి చట్టంలోని ఒక మాట ప్రకారం యోగ్యుడు, అదే వాక్యంలోని ఇంకొక మాట ప్రకారం సుంకం కట్టవలసినవాడు అయ్యేవాడు. శంషాబాదులో దిగేవారు ఈ వాక్యాన్ని చదివి ఉండరు. భయం మాత్రం తెలుసు. అయినా పెట్టెలోని సామాను అంతటిలో తెలివిగా కొన్నది ఏదంటే నేను బంగారమే అంటాను. పటేలు దగ్గర కుదువ పెడితే డబ్బిస్తాడు, కూతురి పెండ్లికి పనికివస్తుంది, ధర పెరగడమే గాని పెద్దగా తగ్గడం మా వాళ్ళు ఎరుగరు. మిగిలిన సామాను సంగతి అలా కాదు.

అక్కడే నేను మా ఊరివాళ్ళతో కూడా తగవు పెట్టుకోవలసి వస్తున్నది. పెట్టె నిండడానికి మా అన్నకు ఆ సారి పన్నెండు వందల దిర్హములైంది. నెలన్నర జీతం. వీసా కోసం ఊళ్ళో తెచ్చిన అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మీద ఉంది, లక్షకు నెలకు రెండు వేలు. పెట్టె నిండేదాకా ప్రయాణం వాయిదా వేసుకున్నవారిని నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని ఎరుగుదును. కంబళి మీద పదిహేను దిర్హములు మిగిల్చిన బేరగాడు, అదే కంబళి కోసం నెల వడ్డీ కట్టాడు. దీనిని చౌక బేరమని ఏ కరణమూ ఒప్పుకోడు. పైగా ట్యాంగు ఇప్పుడు బాన్సువాడలో దొరుకుతుంది. సబ్బులు దొరుకుతాయి. చైనా టార్చి అక్కడికంటే ఇక్కడే చౌక. ఫోనులో మీట నొక్కితే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మరి ఎందుకు మోసుకురావాలి?

ఈ ప్రశ్నను మా పెద్దమ్మ ముందు పెట్టాను. ఆమె బీడీ చుట్టడం ఆపకుండానే జవాబు చెప్పింది. "ఉత్త చేతులతోటి వస్తే మంది ఏమంటరు బిడ్డా? పని దొరకలేదంటరు. లేకుంటే పట్టుకొని పంపిచ్చిండ్రంటరు. రేపు అప్పు పుడ్తదా? పోరికి సంబంధం వస్తదా?"

ఆమె లెక్క పటేలు లెక్క కంటే లోతైనది. పెట్టె విప్పే రోజు వాకిట్లో మనుషులు కూడతారు. పటేలు కూడా వస్తాడు, తన సబ్బులు తీసుకుంటాడు, పెట్టె ఎంత బరువుందో చూస్తాడు. రెండో సారి వెళ్ళడానికి అప్పు పుట్టేది ఆ చూపులోనే. అందుచేత పెట్టె కానుకల మూట కాదు, ఆస్తి ధృవపత్రం. దానిని తేకుండా ఉండే స్వేచ్ఛ తెచ్చేవాడికి లేదు. తగ్గించగలిగినవారు పుచ్చుకునేవారే, అంటే మనం. "ఏం తెస్తున్నవ్?" అన్న మాట ఫోనులో మొదట అడిగేది ఎప్పుడూ బాకీ ఉన్నవాడు కాదు. అప్పు తీరేదాకా ఆ మాట అడగరాదని కులపెద్దలో, యువజన సంఘాలో ఊళ్ళో ఒక కట్టుబాటు పెడితే బాగుండునని నా అభిప్రాయం. పెండ్లిలో కట్నాల మీద కట్టుబాట్లు పెట్టబోయిన ఊళ్ళు ఉన్నాయి. అవి ఎంతవరకు నిలిచాయని మీరు అడిగితే నా దగ్గర సమాధానం లేదు, అయినా అభిప్రాయం అదే.

1990లో కువైటును ఇరాకు ఆక్రమించుకున్నప్పుడు ఆగస్టు నుండి అక్టోబరు దాకా మన దేశంవాళ్ళు దాదాపు లక్షా డెబ్బై వేల మందిని అమ్మాను మీదుగా విమానాలలో తెచ్చారు. ఎన్నో ఏళ్ళ సామాను కువైటు గదులలో వదలి, కట్టుబట్టలతో దిగిన తెలుగువాళ్ళు వారిలో చాలామంది. వారిని ఎవరూ ఏం తెచ్చావని అడగలేదు. అంటే అడగకుండా ఉండడం మనకు చేతకానిదేమీ కాదు. దానికొక యుద్ధం కావలసి వచ్చింది.

ఇంకొక సందర్భంలోనూ అడగరు. పెట్టె అన్న మాటకు మా వైపు రెండో అర్థం ఉంది. వ్రాయడానికి మనసొప్పదు గాని వ్రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. శంషాబాదులో సామాను వచ్చే దారి వేరు, అది వచ్చే దారి వేరు. గుండెపోటు, రోడ్డు ప్రమాదం, పై నుండి పడడం, ఉరి. కాగితాలు పూర్తి కావడానికి వారాలు పడుతుంది, ఒక్కొక్కప్పుడు నెలలు. 2023 డిసెంబరు నుండి జరిగిన మరణాలకు ఆ కుటుంబాలకు అయిదు లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మా పక్క ఊరికి అలా ఒకతను వచ్చాడు. ఆయన వచ్చిన నెలకు, ఆయన గదిలో ఉండిన మనిషి ఒకడు సెలవు మీద వస్తూ, తన ముప్ఫై కిలోలలో తన సామాను తగ్గించుకొని, చనిపోయినవాడి మంచం కింది పెట్టెను తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. పెట్టె మీద పేరు చనిపోయినవాడే వ్రాసుకున్నాడు. అందులో బామ్ సీసాలు, రెండు సబ్బు కట్టలు, ఒక కంబళి, పిల్లవాడికి బూట్లు ఉన్నాయి. బూట్లు ఎప్పుడో చౌకగా దొరికినప్పుడు కొని పెట్టినవి కాబోలు, పిల్లవాడి కాలికి రెండంగుళాలు చిన్నవయ్యాయి. వాటిని చూసిన తరువాత ఎడారిలో కంబళ్ళు అన్న హాస్యం నాకు రుచించలేదు. మిత్రుడి మీద కోపమూ లేదు. ఆయన ఆ బూట్లు చూడలేదు.

పెట్టెను చూసి నవ్వేవారు తరచు ఇంకొక మాట అంటారు: వీళ్ళకు దేశం చూడాలన్న కుతూహలమే ఉండదని, బుర్జు ఖలీఫా ముందు ఒక ఫోటో, తరువాత బజారు, అంతేనని. బుర్జు ఖలీఫా కట్టినవారిలో మనవాళ్ళు వేలమంది ఉన్నారు. దాని ముందు ఫోటో దిగడం పర్యాటకమో, చేసిన పనిని చూసుకోవడమో మీరే చెప్పండి. నాకు మాత్రం రెండోదే అనిపిస్తుంది. దీని గురించి ఇంతకంటే వ్రాయను, వ్రాస్తే వేరే వ్యాసం అవుతుంది.

ఇంతసేపూ వచ్చే పెట్టె గురించే చెప్పాను. వెళ్ళే పెట్టె కూడా ఒకటుంటుంది, దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "స్థానిక సరుకు" అన్న మాటకు అసలు అర్థం వెతకాలంటే అక్కడ వెతకాలి. మామిడికాయ తొక్కు, పల్లీల పొడి, సకినాలు, ఎండు మిరప కారం, మసాలా పొడి, అవ్వ చేసిన నువ్వుల ముద్దలు, ఎవరో ఇచ్చిన ఆకు మందు. గదిలో ఎనిమిదిమందీ ఆ పెట్టె కోసం ఎదురుచూస్తారు. తొక్కు డబ్బా మూడో వారానికి అడుగంటుతుంది. ఈ పెట్టె కట్టేటప్పుడు కూడా భయాలున్నాయి. వేరొకరి పొట్లం ఏదీ తీసుకోవద్దని ప్రతివాడికీ చెప్పి పంపుతారు, మందు పొట్లమని ఇస్తే అందులో గంజాయి ఉండి జైలు పాలైనవారి కథలు మా వైపు తెలియనివారు లేరు. గసగసాలు ఇంకొక చిక్కు. మన వంటింట్లో మసాలా దినుసు, ఎమిరేట్సులోనూ సౌదీలోనూ ఖతర్‌లోనూ నల్లమందు జాతి సరుకు. పొట్లం దొరికితే ఖైదు.

మా పెద్దమ్మకు ఈ సంగతి ఎవరో చెప్పారు. విడిగా గసగసాలు పెట్టకపోతే చాలదని, మసాలా పొడిలో నూరినవి కూడా పట్టుకుంటారని. అప్పటి నుండి ఆమె పంపే పొడికి వేరే, ఇంటికి వేరే నూరడం మొదలుపెట్టింది. ఒకసారి రెండు డబ్బాలూ ఒకే రకంగా కనిపించి, ఏది ఏదో తేలక, రెండూ పారబోసింది. ఆ తరువాత ఇంటి పొడిలోనూ గసగసాలు వేయడం మానేసింది. పదిహేనేళ్ళకు పైనే అయింది. అన్న తిరిగి వచ్చి బాన్సువాడలో చిన్న దుకాణం పెట్టుకున్న తరువాత కూడా ఆమె వేయలేదు. రెండోవాడు మస్కట్‌లో ఉన్నాడు.